కేడీ: ఒక మాట, ఒక రిజిష్టరు

“వాడు పెద్ద కేడీ” అన్న మాట వినని తెలుగు ఇల్లు ఉండదు. అల్లరి పిల్లవానిని తల్లి విసుగుతో అన్నను, గడుసు వ్యాపారిని పొరుగువాడు చాటున అన్నను ఆ మాట చెల్లిపోవును. సంస్కృత ధాతువులలో గాని దేశ్య పదములలో గాని వెదకిన దాని పుట్టుక దొరకదు. అది రెండు ఇంగ్లీషు అక్షరముల కూర్పు. మద్రాసు రాజధాని పోలీసువారు, పూర్వము శిక్షపడి, మరల నేరమునకు దిగునని తాము తలచిన మనిషిని ‘నోన్ డిప్రెడేటర్’ అని, అనగా తెలిసిన దోపిడిగాడని, వ్రాసుకొనుచుండిరి. స్టేషనులో వాని పేర ఒక షీటు తెరచుచుండిరి. ఆ షీటు మీది పొడి అక్షరములు కానిస్టేబుళ్ల నోట పడి, అక్కడనుండి సంతలో పడి, తుదకు మన వంటింటిలోనికి వచ్చినవి.

అయితే కేడీ షీటుకు ఎంత కాదన్నను ఒక ఆధారము కావలెను. ఎప్పుడో ఒక న్యాయస్థానము వానిని దోషి అని చెప్పి ఉండవలెను. నేను ఇప్పుడు ముచ్చటింపదలచినది ఆ మాత్రపు ఆధారము కూడ అక్కరలేని మరియొక రిజిష్టరును గురించి. అది జిల్లా స్థాయిలో ఉండెడిది. అందులో పేరెక్కుటకు దొంగతనము చేయనక్కరలేదు. ఫలానా తల్లికి పుట్టిన చాలును.

1871వ సంవత్సరము అక్టోబరు నెలలో హిందూదేశ ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టము చేసినది. వడ్రంగి కొడుకు వడ్రంగి, నేతగాని కొడుకు నేతగాడు అయిన ఈ దేశములో దొంగ కొడుకు దొంగయే గదా అన్నది ఆ చట్టము వెనుకనున్న వాదము. మన కులవ్యవస్థను చూచి ఆ దొరలు నేర్చుకొన్న పాఠము ఇది! మొదట అది పంజాబు, అయోధ్య, వాయవ్య పరగణాలకు మాత్రమే వర్తించినది. మద్రాసు రాజధానికి వచ్చినది 1911వ సంవత్సరపు సవరించిన చట్టముతో. కాని మనస్సులు అంతకు ముందే సిద్ధమై ఉండెను. మల్లాలీ అను పోలీసు అధికారి 1892లోనే మద్రాసు రాజధానిలోని నేరస్థ వర్గములను గురించి ఒక గ్రంథము వ్రాసి ఉండెను. చట్టము వచ్చునప్పటికి జాబితా చేతిలో ఉన్నదన్న మాట.

ఆ జాబితాలోని పేర్లను ఒకసారి చదివి చూడుడు. ‘దొంగ దాసరులు’, ‘దొంగ యానాదులు’. విచారణకు ముందే తీర్పు పేరులో చేరిపోయినది. గెజిట్టులో అచ్చయిన పిమ్మట దానిని కాదనుటకు వీలు లేదు. ఒక తెగను నేరస్థ జాతిగా ప్రకటించుట న్యాయమా కాదా అన్న ప్రశ్నను ఏ న్యాయస్థానమును విచారింపరాదని చట్టమే కట్టడి చేసినది.

రిజిష్టరు తయారగు విధానము ఇది. జిల్లా మేజిస్ట్రేటు ఒక ప్రకటన వేయించును. ఫలానా గ్రామములో ఫలానా దినమున ఆ తెగవారందరును హాజరు కావలెను, అడిగిన వివరములు చెప్పవలెను, వ్రేలిముద్రలు వేయవలెను. రానివారికి శిక్ష. వ్రేలిముద్రల శాస్త్రము అప్పటికి క్రొత్తది. మొదటి కార్యాలయము కలకత్తాలో 1897లో తెరచినారు. వ్రాలు చేయనేరని మనిషి అప్పుపత్రము మీద వేసే వ్రేలిముద్ర మన పల్లెలకు క్రొత్త గాదు. కాని ఏమియు అప్పుపడని మనిషి వరుసలో నిలిచి పది వ్రేళ్లకు సిరా పూయించుకొనుట అదే మొదలు.

పూర్తియైన రిజిష్టరు జిల్లా పోలీసు సూపరింటెండెంటు స్వాధీనములో ఉండును. ఆ మీదట జిల్లా మేజిస్ట్రేటు వ్రాతపూర్వకమైన ఉత్తరువు లేక అందులో ఒక పేరు చేర్చరాదు, ఒక పేరు కొట్టివేయరాదు. నా పేరు అన్యాయముగా ఎక్కించినారని ఎవరైనను ఫిర్యాదు చేసికొనవచ్చునని చట్టములో ఒక సెక్షను కూడ కలదు. ఎవరికి చేసికొనవలెను? ఆ జిల్లా మేజిస్ట్రేటునకే. వ్రాయించిన చేయియే తుడువవలెను. అక్షరము రాని మనిషి, ఊరు దాటవలెనన్న పాసుచీటీ కావలసిన మనిషి, ఆ అర్జీ ఎవరిచేత వ్రాయించుకొని ఏ దారిని జిల్లా కేంద్రమునకు పోగలడు? చట్టము తలుపు పెట్టినది. గడియ మాత్రము బయటి వైపున ఉంచినది.

పేరెక్కినవాడు నియమిత వేళలకు హాజరు చెప్పుకొనవలెను. నివాసము మారిన తెలియజేయవలెను. కొన్నిచోట్ల రాత్రులందు కూడ గ్రామాధికారి యెదుటనో, స్టేషనులోనో కనుపడవలసి ఉండెడిది. చట్టములో పేర్కొన్న నేరములకు రెండవసారి శిక్షపడినచో ఏడేండ్లకు తగ్గని ఖైదు, మూడవసారి యావజ్జీవ ద్వీపాంతరవాసము. ఆ నేరమునే పక్క వీధివాడు చేసినచో వానికి ఈ లెక్క లేదు. మధుర జిల్లా పెరుంగామనల్లూరులో కళ్లరులు ఈ రిజిష్టరుకు ఒప్పక ఎదురు తిరిగినప్పుడు, 1920 ఏప్రిలు 3వ తేదీన పోలీసులు కాల్పులు జరిపినారు. పదిమందికి పైగా మరణించినారు. వారిలో ఒక స్త్రీ కూడ ఉన్నది.

మన ఆంధ్ర ప్రాంతమున ఈ చట్టపు బరువు ఎక్కువగా మోసినవారు ఎరుకలవారు. వీరిని గురించి కొంచెము నిదానముగా చెప్పవలసి ఉన్నది; ఏలనన వీరి పూర్వకథ మరుగున పడినది. బుట్టలల్లు మేదరితనమును, సోది చెప్పు ఎరుకలసానిని మనమందరము ఎరుగుదుము. కాని వీరిలో ఉప్పు ఎరుకలు, కరివేపాకు ఎరుకలు అను శాఖలుండుట గమనింపుడు. అవి వారు అమ్మిన సరకుల పేర్లు. సముద్రతీరపు ఉప్పును గాడిదల మీదను, ఎద్దుల మీదను వేసికొని బండిబాట కూడ లేని మెట్ట గ్రామములకు చేర్చి, బదులు ధాన్యము తెచ్చుకొనినవారు వీరు. 1805లోనే ఉప్పు కుంపిణీవారి గుత్తసొత్తైనది. 1850 తరువాత రైలుమార్గములు పడినవి. గాడిద మోయునది రైలుపెట్టె ముందు ఏపాటి? 1876-78 సంవత్సరముల మహాక్షామము మిగిలిన పశువులను కూడ తినివేసినది. సరకు పోయినది, పశువు పోయినది, తిరుగుట మాత్రము మిగిలినది. పని లేక తిరుగువాడు అనుమానాస్పదుడు గదా! వారిలో దొంగలు లేరని నేను చెప్పుట లేదు. ఆకలిగొన్న ఏ సమూహములో లేరు? కాని వర్తకులుగా మన ఊరికి వచ్చిన తాతల మనుమలు అదే ఊరి రిజిష్టరులో పుట్టుదొంగలుగా నమోదైనారు.

ఇట్లు నమోదైనవారిని ఒకచోట చేర్చి ‘సంస్కరించు’టకు సెటిల్మెంట్లు ఏర్పడినవి. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికను బాప్టిస్టు మిషనువారును, బెజవాడ చెంత సీతానగరములోను, బాపట్ల సమీపమున స్టువర్టుపురములోను సాల్వేషన్ ఆర్మీవారును వీటిని నడపినారు. స్టువర్టుపురము పేరు మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడుగా నుండిన హెరాల్డు స్టువర్టుది. వీటిలో పని చెప్పినారు, పాఠశాలలు పెట్టినారు, వైద్యము చూచినారు. మేలు జరుగలేదనుట సత్యము కాదు. కాని కంచె దాటవలెనన్న సెలవు చీటీ ఉండవలెను. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి బడులలో ఉంచుటకు చట్టము అధికారమిచ్చినది. నా మట్టుకు ఆ మేలునంతను ఈ ఒక్క నిబంధన చేదు చేసినదని తోచును.

తొలగింపు కథ ఇంత పొడుగుది కాదు. 1924లో చట్టమును మరల కూర్చి గట్టిపరచినారు. తమిళ జిల్లాలలో ముత్తురామలింగ తేవరు వంటివారు దీనిపై ఆందోళన నడపినారు. స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరముననే, 1947లో, మద్రాసు శాసనసభ తన రాజధాని మట్టుకు దీనిని రద్దు చేసినది. దేశమంతటికి సంబంధించి విచారించుటకు కేంద్ర ప్రభుత్వము 1949లో ఒక సంఘమును నియమించినది. దాని అధ్యక్షుడు మన తిరుచానూరువారు, తరువాత లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. జన్మను బట్టి నేరము నిర్ణయించు చట్టము రాజ్యాంగమున్న దేశములో నిలువరాదనియు, అలవాటు పడిన నేరస్థులకు కులభేదము లేని వేరు చట్టము చాలుననియు ఆ సంఘము చెప్పినది. 1952 ఆగస్టు 31వ తేదీన పాత చట్టము పూర్తిగా పోయినది. ఆ తెగలవారు నేటికిని ఆ దినమును విముక్తి దినముగా జరుపుకొనుచున్నారు.

మరి రిజిష్టరులోని పేర్లు ఏమైనవి? చట్టము పోయినంతనే స్టేషను బీరువా ఖాళీ కాదు. మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టము 1948లోనే వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో వచ్చినది. క్రొత్త చట్టము మనిషిని చూడవలెనని చెప్పినను, పాత చూపు పాత పేటల వైపే పోయినది. స్టువర్టుపురములో లవణంగారును, జాషువాగారి కుమార్తె హేమలతా లవణంగారును ఏండ్ల తరబడి ఆ ప్రజల మధ్య పని చేసినారు. అయినను 1991లో సినిమా తీయవలసి వచ్చినప్పుడు మనవారు ఆ ఊరి పేరుకు పోలీసు స్టేషనునే జోడించినారు.

పోలీసు దస్త్రములో చేరిన పేరు ఎంత గట్టిగా అంటుకొనునో తెలుపు వ్యాజ్యము ఒకటి ఉత్తరప్రదేశ్ నుండి సుప్రీంకోర్టునకు వెళ్లినది. 1941లో ఒక మనిషిని బందిపోటు కేసులో పట్టుకొని, సాక్ష్యము లేదని విడిచిపెట్టినారు. విడిచిపెట్టినను అతని పేర హిస్టరీషీటు తెరచినారు. చౌకీదార్లు అర్ధరాత్రి తలుపు తట్టి అతడు ఇంట ఉన్నాడో లేదో చూచి పోవుచుండిరి. 1962 డిసెంబరు 18వ తేదీన ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పినారు. రాత్రి వేళ ఇల్లు చొచ్చుట మాత్రము తప్పని, తక్కిన నిఘా చెల్లునని నలుగురన్నారు. ఆ నిబంధన యావత్తును చెల్లదని, వెంటాడు నీడల మధ్య నడుచువాడు స్వేచ్ఛగా నడచినట్లు కాదన్న భావముతో, ఇద్దరు విడిగా తీర్పు వ్రాసినారు. ఆ తీర్పు వ్రాసినది రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉండి ఢిల్లీ వెళ్లిన కోకా సుబ్బారావుగారు; జె. సి. షాగారు ఆయనతో ఏకీభవించినారు.

ఓడిన పక్షపు తీర్పు గనుక అది గ్రంథములలో ఉండిపోయినది. సుబ్బారావుగారు 1976లో స్వర్గస్థులైనారు. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాభిప్రాయముతో వ్యక్తి ఏకాంతము ప్రాథమికమైన హక్కు అని చెప్పి, 1962 నాటి నలుగురి మాటలో దానికి విరుద్ధమైన భాగమును త్రోసివేసి, సుబ్బారావుగారి మాటయే సరియైనదన్నది. ఏబదియైదేండ్లు పట్టినది.

2024 అక్టోబరు 3వ తేదీన సుప్రీంకోర్టు మరియొక తీర్పు ఇచ్చినది. విముక్త తెగలవారిని పుట్టుక కారణముగా అలవాటు నేరస్థులుగా చూచు జైలు నిబంధనలు చెల్లవనియు, ఖైదీల రిజిష్టర్లలో కులము వ్రాయు గడిని తీసివేయవలెననియు అందులో ఉత్తరువు కలదు.