నల్లమలలో ఒక రాత్రి తలాష్

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. నాకు 2009 సెప్టెంబర్ 2 రెండూనూ.

ఆ పొద్దున బేగంపేట నుంచి చిత్తూరుకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమల మీద గాయబ్ అయింది. అందులో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డితో కలిపి ఐదుగురు. రాత్రంతా మేం డెస్కులో ఖబర్ కోసం ఇంతెజార్. ఇంత మిషనరీ ఉండగా దొరకకపోతారా అని నా యకీన్. ‘ముఖ్యమంత్రి సలామత్’ అని హెడ్డింగ్ కూడా రాసి పెట్టుకున్నాను.

వైమానిక దళం సుఖోయ్-30ని పంపింది. ఇస్రో రీశాట్-2తో చిత్రాలు తీయించింది. ఆ ఉపగ్రహపు రాడార్‌కి చీకటీ మబ్బూ అడ్డు కావు. మగర్ అది ఎక్స్-బ్యాండ్ రాడార్. ఆ పొట్టి తరంగాలు దట్టమైన ఆకుల దగ్గరే చాలామటుకు వెనక్కి మళ్లుతాయి. మబ్బు దాటిన నజర్ చెట్టు దాటలేదు. కింద పోలీసులు, చెంచులు కాలినడకన వెతుకుతూనే ఉన్నారు.

మర్నాడు తెల్లారాక వైమానిక దళ హెలికాప్టర్లో ఉన్నవాళ్ల కళ్లకే పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. దిగే చోటు లేదు. కమాండోలు తాళ్లు పట్టుకుని జారారు.

తలాష్ ఎంత తొందరగా ముగిసినా ఆ ఐదుగురూ దక్కేవారు కారేమో. కానీ రేపు ఏ అడవిలోనైనా ఎవరైనా తప్పిపోతే, పైన ఉపగ్రహం ఉంది కదా అని కింద నడిచేవాళ్లను ఆలస్యంగా పంపకూడదు.

రాసిపెట్టుకున్న ఆ హెడ్డింగ్‌ని నేనే చెరిపేశాను.