క్రోషియా, ఘోషా, మజ్దూరీ

మా చిరాగ్‌పల్లిలో దాన్ని క్రోషియా అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లన్నిటా అదే మాట. ఫ్రెంచిలో క్రోషే అంటే చిన్న కొక్కెం. ఆ కొక్కెం పేరే పనికీ పేరైంది. సముద్రాలు దాటి వచ్చి మా జనానాల్లో క్రోషియాగా స్థిరపడింది. ఊరి పేరులోనే చిరాగ్ ఫార్సీ, పల్లి తెలుగు అయినప్పుడు ఇదేమంత తాజ్జుబ్ కాదు.

మా దిక్కు క్రోషియాతో నమాజ్ టోపీలు అల్లేవాళ్లు, ఖాన్‌పోష్‌లు అల్లేవాళ్లు. తకియా గిలాఫ్‌కి అంచు, ఓఢ్నీ కొసకు బేల్. పిల్ల జహేజ్ పెట్టెలో ఇవి నాలుగు కనబడితే పిల్లకు సలీఖా ఉందని మురిసిపోయే జమానా అది. అమ్ముకోవడానికి కాదు, ఇజ్జత్‌కి. అందుకే ఈ హునర్ తారీఖ్ రాయాలంటే మా మంజీరా దిక్కు సరిపోదు, గోదావరి దిక్కు పోవాలి. నర్సాపురం, పాలకొల్లు చుట్టూ ఉన్న ఊళ్లలో ఇదే సూది పని దునియా బజారుకు సరుకైంది. టేబుల్ గుడ్డలు, దుప్పట్లు, శాలువాలు, జాకెట్లు, నిలువెల్లా లేసుతో అల్లిన స్కర్టులు అక్కడి నుంచి ఓడలెక్కాయి.

ముందు ఆ స్కర్టు సంగతి. గొప్ప సామాను ఏమీ అక్కర్లేదు. ఒక నూలు దారం ఉండ, కొస వంగిన ఒక ఉక్కు సూది. దారాన్ని మెలికలోంచి మెలిక లాగుతూ పోవాలి. స్వెటర్ అల్లే సూదుల మీద వరసంతా మెలికలు ఒకేసారి నిలబడి ఉంటాయి. క్రోషియాలో అట్లా కాదు, సూది మీద మామూలుగా ఒక్క మెలికే ప్రాణంతో ఉంటుంది. అది జారితే, దారం లాగితే, పొద్దంతా చేసిన మెహనత్ ఉండలోకి తిరిగి పోతుంది. నడుము దగ్గర గొలుసుగా మొదలుపెట్టి చుట్లు చుట్లుగా కిందికి దిగొచ్చు. లేదంటే పువ్వులు విడివిడిగా అల్లి, వాటిని జోడించి ఘేరు చేయొచ్చు. సన్న దారమైతే ఒక మనిషికి వారాల పని.

ఈ పని యంత్రానికి చిక్కలేదు. ఇంగ్లండులో 1808లో హీత్‌కోట్ జాలీ గుడ్డ నేసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. 1813లో నాటింగ్‌హాంలో లీవర్స్ యంత్రం వచ్చింది. కండెలతో అల్లే పాత లేసులను అవి చాలావరకు నకల్ చేసేశాయి. ఈ వంకర సూదిని మాత్రం నకల్ చేయలేకపోయాయి. ఇవాళ యంత్రం మీద వచ్చేది క్రోషియాలా కనబడే లేసు, క్రోషియా కాదు. ఇది హునర్‌కి దక్కిన తారీఫ్ అని మురిసిపోయేవాళ్లున్నారు. నాకు అందులో ఇంకో మతలబు కనబడుతుంది. యంత్రం చేయలేని పని చవగ్గా కావాలంటే చవకైన చేతులు కావాలి.

ఆ చేతులు ఎక్కడ దొరుకుతాయి? కరువున్న చోట. 1845లో ఐర్లాండులో ఆలుగడ్డ పంట కుళ్లిపోయి జనం లక్షల్లో చచ్చిపోతుంటే, కార్క్ దిక్కు కాన్వెంటు నన్‌లు ఆడవాళ్ల చేతికి క్రోషియా సూది ఇచ్చారు. ఆ లేసు అమ్మి ఎన్నో ఖాందాన్‌లు ప్రాణం నిలబెట్టుకున్నాయి. మన దగ్గర కృష్ణా, గోదావరి జిల్లాలను 1832-33లో నందన కరువు ఊడ్చేసింది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. ఈ మధ్యలోనే మిషనరీలు దిగారు. డెవాన్ నుంచి బౌడెన్, బీర్ దంపతులు 1836లో వచ్చి గోదావరి డెల్టాలో కుదురుకున్నారు. 1844లో మెక్రే అనే స్కాట్లాండు దంపతులు దుమ్ముగూడెంలో ఆడవాళ్లకు ఈ అల్లిక నేర్పారని చెప్తారు. మొదట నేర్చుకున్నది కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన దళిత ఆడవాళ్లు. నేర్పిన దొరసానులు వాళ్ల సరుకును తమ దేశంలోని దోస్తులకు పంపి, వచ్చిన పైసలు ఇక్కడ ఇచ్చేవాళ్లు. ఖైరాత్‌కీ తిజారత్‌కీ మధ్య ఎక్కడో ఉండేది ఆ వ్యవహారం. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి అది ఖాలిస్ తిజారత్ అయింది, సౌదాగర్లు వచ్చారు.

జర్మన్ సమాజ శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర నర్సాపురం వచ్చి, లేసు అల్లే ఆడవాళ్ల ఇళ్లలో కూర్చుని హిసాబ్ రాసుకుంది. 1982లో ఆమె కితాబు అచ్చయింది. తెలుగు ఆడవాళ్ల మజ్దూరీ గురించి అంత గట్టి లెక్క రాసిన పుస్తకాలు తక్కువ. ఆమె వచ్చేనాటికి అల్లేవాళ్లలో పేద కాపు ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్లు ఘోషా పాటించేవాళ్లు. పొలం పనికి పోరు, కూలికి పోరు, గడప దాటరు.

ఈ ఘోషా అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. అది మా మాట. ఫార్సీలో గోషా అంటే మూల. గోషానషీన్ అంటే మూలన కూర్చున్న మనిషి. పర్దా అంటే తురకల వ్యవహారం అనుకునేవాళ్లు వైజాగ్‌లో ఘోషా ఆసుపత్రి అడ్రసు అడిగి చూడండి, పాతవాళ్లు ఇప్పటికీ అదే పేరుతో చెప్తారు. మద్రాసులో 1885లో పెట్టిన జనానా దవాఖానా పేరులో 'గోషా' పక్కనే 'కులీన స్త్రీలు' అని కూడా ఉండేది. మూలన కూర్చోబెట్టడంలో మజహబ్ తేడాలు తక్కువే. పైసా ఉన్నవాడు బీబీని బయటికి పంపలేదు. పైసా లేనివాడు వాణ్ని చూసి నకల్ చేశాడు. ఫరక్ ఒక్కటే, పేదవాడి ఇంట్లో మూలన కూర్చున్న మనిషి కూడా సంపాదించక తప్పదు.

ఇక్కడే లేసు సౌదాగర్‌కి కలిసొచ్చింది. ఏజెంటు దారం గడప దగ్గర ఇచ్చిపోతాడు, అల్లింది గడప దగ్గరే తీసుకుపోతాడు. మనిషి బయటికి రాదు గనక పక్క ఊళ్లో రేటెంతో తెలీదు. పక్కింటామెకు ఎంత ఇచ్చాడో కూడా ఒక్కోసారి తెలీదు. పనిని ముక్కలు చేశారు. పువ్వులు అల్లేది చేతిపని, వాటిని కలిపేది అతుకుపని. చేతిపని చేసే ఆమె పువ్వులే ఇస్తుంది, ఆ పువ్వు స్కర్టయిందో టేబుల్ గుడ్డయిందో ఆమె చూడదు. ఇంటి పని అంతా చేసుకుని, దాని మీద రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లితే మీస్ లెక్కలో సగటున దక్కింది అర్ధరూపాయికి కాస్త పైన. వ్యవసాయ కూలికి పోయే ఆడవాళ్లకు సర్కారు ఖరారు చేసిన కనీస కూలిలో అది మూడో వంతు కూడా కాదు. పొలానికి పోయే దళిత స్త్రీకి ఎక్కువ కూలి, ఘోషా ఇజ్జత్ ఉన్న కాపు స్త్రీకి తక్కువ. తారీఖ్‌లో ఇట్లాంటి మజాక్‌లు చాలా ఉన్నాయి.

ఇంత తక్కువ ఎందుకని అడిగితే సౌదాగర్ల దగ్గర జవాబు తయారుగా ఉండేది. వాళ్లు మజ్దూర్లు కాదు, గృహిణులు. తీరిక వేళలో అల్లుతారు, ఖాళీగా కూర్చునే బదులు. జనాభా లెక్కలవాళ్లూ ఆ మాటే నమ్మారు. మీస్ అంచనాలో లక్షకు పైగా ఉన్న ఆ ఆడవాళ్లలో చాలామంది సర్కారు కాగితాల మీద కార్మికులుగా లేనే లేరు. వాళ్లు అల్లిన లేసు మాత్రం ఎగుమతుల ఖాతాలో, విదేశీ మారకం కింద, పైసాతో సహా ఉంది.

మా ముసల్మానుల్లో ఈ ముచ్చట చెప్తే, 'అది కాపుల సంగతి కదా' అంటారు. కాదు. 'మా ఇంటి ఆడవాళ్లు బయటికి పోయి పని చేయరు' అని మీసం తిప్పే మర్దానా మన దగ్గర మాత్రం తక్కువా? ఆ ఇంట్లోనే అమ్మీ బీడీలు చుడుతుంది, ఖాలా చీరలకు జర్దోజీ చేస్తుంది, ఫుప్పు బ్లౌజులకు హుక్కులు కుడుతుంది. లెక్క అడిగితే 'ఫుర్సత్‌లో చేస్తున్నరు' అంటాడు. మజ్దూరు చెమట ఆరకముందే ఉజ్రత్ ఇవ్వాలన్న హదీసు మన మసీదుల్లో ఎన్నిసార్లు వినలేదు? ఆ చెమట జనానాలో పడితే ఆరదా? హజ్రత్ జైనబ్ బిన్త్ జహష్, రజి అల్లాహు అన్హా, రసూల్ ఇంటి మనిషి. ఆమె తోళ్లు పదును చేసి, కుట్టి, ఆ సంపాదన సద్ఖా చేసేది. అది ఆమె కమాయీ అనే రివాయత్‌లు చెప్తాయి, తీరిక అనలేదు.

మా ఊళ్లో ఇంటర్ చదివిన ఒక పిల్ల ఈ మధ్య ఫోన్‌లో చూసి క్రోషియా ఫ్రాకులు, స్కర్టులు అల్లి ఆర్డర్లు తీసుకుంటోంది. హైదరాబాదుకు పార్సిల్ పోతుంది. తన నోటుబుక్కు చూపించింది. దారం ఖర్చు, లైనింగు గుడ్డ, ఎలాస్టిక్, కొరియర్, అంతా తారీఖులేసి రాసుకుంది. గంటలు ఎక్కడమ్మా అన్నాను. 'అవెందుకు భాయ్‌జాన్, ఇంట్లనే కూసోని చేసిన గదా' అంది. అప్పుడే ఎవరో ఖరీదారు 'ఇంకో యాభై తగ్గించు' అని మెసేజ్ పెట్టారు, ఆమె సరేనంది.

నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చైనా నుంచి వచ్చే యంత్రపు లేసు ముందు నిలవలేక చాలా ఇళ్లు సూది పక్కన పెట్టేశాయి, ఆ గుర్తింపు కొంత ఆసరా అవుతుంది. ఊరి పేరు పెట్టి నకిలీ సరుకు అమ్మేవాణ్ని కోర్టుకు ఈడ్వొచ్చు. 1999 నాటి ఆ చట్టం కాపాడేది పేరును, సరుకును. అల్లిన మనిషికి గంటకెంత అన్న ముచ్చట అందులో ఎక్కడా లేదు. నర్సాపురం పక్కన సీతారాంపురంలో లేసు కేంద్రం కట్టారు, ఆడవాళ్ల సహకార సంఘాలను దాని కింద కలిపారు. అక్కడికి నడిచి వచ్చి, పదిమంది పక్కన కూర్చుని అల్లే మనిషికి కనీసం పక్కామెకు ఎంత ముట్టిందో తెలుస్తుంది. ఇంటి దగ్గర అల్లేవాళ్లకు దారం ఇప్పటికీ ఏజెంటే తెచ్చి ఇస్తున్నాడు.