పనే ప్రమాణం: స్వీయ ఆరోగ్య అంచనాల కొలతపై పునఃపరిశీలన

ఆరోగ్య సర్వేల్లో పేదలు తమ ఒంటి గురించి చెప్పే మాట నమ్మదగింది కాదన్న అభిప్రాయం మన సామాజిక శాస్త్రాల్లో పాతుకుపోయింది. అమర్త్య సేన్ 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన చిన్న వ్యాసం దీనికి పెద్ద అండ. ఆయుర్దాయంలో ముందున్న కేరళలో జబ్బులున్నాయని చెప్పేవారు ఎక్కువ, వెనకబడిన బీహార్‌లో తక్కువ అని ఆయన చూపారు. చదువూ వైద్యమూ అందనివారికి తమ అనారోగ్యం తమకే ఆనదన్నది ఆయన వివరణ. 2009లో ఎస్.వి. సుబ్రమణియన్ బృందం గణాంకాలతో దీన్ని సవాలు చేసింది. అయితే జనం ఏ ప్రమాణంతో జవాబిస్తున్నారన్న ప్రశ్న జోలికి ఆ వాదం కూడా పోలేదు. సేన్ వివరణలోని అసలు లోపం అక్కడే ఉంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ వ్యాధి సోకని ఊరు అరుదు. అక్కడి పలాస పరిశ్రమల్లో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లను ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, ‘‘బాగానే ఉన్నాను బాబూ, పనికెల్తన్నాను గదా’’ అన్న జవాబే మళ్లీ మళ్లీ వినిపించింది. కాసేపు కూర్చుని కదిపితే కాళ్ల వాపు ఏ పూట పెరుగుతుందో, ఏ మాత్రకు తగ్గిందో, జీడి రసానికి వేళ్లు ఎలా కాలాయో వరసగా చెప్పుకొచ్చారు. కొందరు కిడ్నీ పనితీరును తెలిపే తమ క్రియాటినిన్ ఎంతో నోటికి చెప్పారు. జబ్బు తెలిసీ బాగున్నామన్నవారిని తెలియనివారి జాబితాలో ఎలా వేస్తాం?

దీనికి ఎదురు సాక్ష్యం కూడా అక్కడే దొరికింది. రక్తపరీక్షలో ఏ లోపమూ రాకపోయినా, కొబ్బరిచెట్టు ఎక్కలేకపోతున్న మగవాళ్లు ఒంట్లో బాగోలేదనే అన్నారు. వయసు మీరినవారికి కొలబద్ద మరోచోట ఉంది: తన అన్నం తాను వండుకుని, తన బట్టలు తాను ఉతుక్కోగలిగితే ముసలామె లెక్కలో ఆమె ఆరోగ్యవంతురాలే. పని మారితే ప్రమాణం మారింది; ప్రమాణం లేని జవాబు మాత్రం ఒక్కటీ లేదు. ఫ్రాన్స్‌లో క్లోడిన్ హెర్జ్‌లిక్, బ్రిటన్‌లో మిల్డ్రెడ్ బ్లాక్స్టర్ సామాన్యుల మాటల్లోంచే ఆరోగ్యానికి అర్థాలు వెతికారు. సేన్ ఆ దారి పట్టలేదు.

ఆయన పదేపదే ఉదహరించిన బెంగాల్‌లోని సింగూరు సర్వేనే మళ్లీ చూద్దాం. బెంగాల్ కరువు వెన్నంటి 1944లో జరిగిన ఆ సర్వేలో, భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం మంది, భర్త పోయిన ఆడవాళ్లలో 2.5 శాతం మందే ఆరోగ్యం బాగోలేదనో అంతంతమాత్రమనో చెప్పారు. లేమికి అలవాటుపడిన మనసు ఇలా పలికిందని సేన్ భావించారు. కానీ మంచం పడితే గంజి కాచిపోసే దిక్కులేని మనిషి, తాను లేచి తిరుగుతున్నంతకాలం బాగున్నాననే చెబుతుంది. ఆమె తన పరిస్థితిని కచ్చితంగానే కొలిచి చెప్పింది.

సేన్ వివరణ ఎక్కడా చెల్లదని కాదు. అందరికీ ఉన్న లోపం ఎవరికీ లోపంగా కనిపించదన్న వాదం నల్గొండ ఫ్లోరోసిస్ గ్రామాల విషయంలో కొంతవరకు నిలవవచ్చు; జబ్బు తెలిసీ బాగున్నామన్నవారి విషయంలో మాత్రం నిలవదు.

మరి జనం వాడే ఈ ప్రమాణాన్ని సర్వేలు ఎలా పట్టుకోవాలి? జాతీయ నమూనా సర్వే గత 15 రోజుల్లో జబ్బు చేసిందా అని అడుగుతుంది. 2004లో గ్యారీ కింగ్ బృందం ప్రతిపాదించిన పద్ధతిలో ఊహాపాత్రల స్థితిని చెప్పి, వాటితో పోల్చి జవాబులను సరిచేస్తారు. ఆ పాత్రలకు కూలీ పోతుందన్న భయం ఉండదు. సర్వే చేసేవారు ముందుగా మూడు సంగతులు అడగాలి: ఏ పని మానేశారు? మీ బదులు ఎవరు చేశారు? ఎంత బాధ వస్తే పని మానేస్తారు? ఆ తర్వాతే జబ్బుల జాబితా తీయాలి.

అలా చదివితే కేరళ అంకెలో జబ్బుపడి విశ్రాంతి తీసుకోగల వీలు కనిపిస్తుంది, బీహార్ అంకెలో ఆ వీలు లేకపోవడం కనిపిస్తుంది. మన దేశపు స్వీయ ఆరోగ్య గణాంకాలు చాలావరకు నిజానికి పని మాని పడుకునే హక్కు ఎవరికి ఉందో చెప్పే గణాంకాలు. ప్రజారోగ్య విధానం వాటిని ఆ దృష్టితోనే చదవాలి.