యూనిట్ – 9: హైదరాబాదు పాతనగరం – నీటి వనరుల రక్షణలో ప్రజల పాత్ర

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:

• పాతనగరానికి వివిధ కాలాల్లో తాగునీరు ఎక్కడి నుంచి వచ్చిందో వివరించగలుగుతారు.
• 1908 మూసీ వరదకూ జంట జలాశయాల నిర్మాణానికీ ఉన్న సంబంధాన్ని తెలుసుకుంటారు.
• జి.ఓ. 111, దాని చుట్టూ నడిచిన న్యాయపోరాటం ప్రాముఖ్యాన్ని విశ్లేషించగలుగుతారు.
• నల్లాలో నీళ్లు రావడానికీ, ఆ నీళ్లు సురక్షితంగా ఉండడానికీ మధ్య తేడాను గుర్తించగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

మీరు ఎప్పుడైనా చార్మినార్ చుట్టుపక్కల తిరిగి ఉంటే అక్కడి బస్తీల పేర్లను ఒకసారి గుర్తు చేసుకోండి. శాలిబండ దగ్గర హరిబౌలి, హుస్సేనీ ఆలం అవతల దూద్‌బౌలి, ఫలక్‌నుమా వైపు ఇంజన్‌బౌలి, మూసీ దాటి కోఠి దగ్గరకు వస్తే పుత్లీబౌలి. బౌలి అంటే బావి, ముఖ్యంగా మెట్లబావి. పాతనగరం ఒకప్పుడు బావుల మీద బతికిందని చెప్పడానికి ఈ పేర్లే సాక్ష్యం. పేర్లు మిగిలాయి, బావులు చాలావరకు కనబడవు.

ఇది ఎలా జరిగింది? బావి పూడిపోతుంటే బస్తీ జనం ఎందుకు ఊరుకున్నారు? కొన్ని దశాబ్దాల తరవాత, నగరానికి పాతిక కిలోమీటర్ల దూరంలో పెట్టబోయిన ఒక కర్మాగారాన్ని అడ్డుకోవడానికి అదే నగరపు పౌరులు సుప్రీంకోర్టు దాకా ఎందుకు వెళ్లారు? ఈ రెండు ప్రశ్నలకూ కలిపి సమాధానం వెతకడమే ఈ యూనిట్ ఉద్దేశం. చదువుతున్నంతసేపూ ఒక విషయం మనసులో పెట్టుకోండి: నీటి మూలం కంటికి కనబడేటప్పుడు దానికి కాపలా ఉంటుంది. అది కంటికి దూరమైనప్పుడు కాపలాను కొత్తగా ఏర్పాటు చేసుకోవాలి.

9.2 బావులు, చెరువుల కాలం

ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో హైదరాబాదు నగరాన్ని నిర్మించాడు. గోల్కొండ కోటలో జనసమ్మర్దం పెరగడం, నీటి కొరత ఏర్పడడం కొత్త నగరానికి కారణాలని చరిత్రకారులు చెబుతారు. కొత్త నగరంలో నీటికి నడిబొడ్డునే చోటిచ్చారు. నాలుగు కమాన్ల మధ్యనున్న గుల్జార్ హౌజ్, మక్కా మసీదు ఆవరణలోని కొలను మీరు నేటికీ చూడవచ్చు.

అయితే రోజువారీ అవసరాలకు జనం ఆధారపడింది బావుల మీదే. మసీదు, గుడి, దర్గా, దేవిడీ, తోట – ఏది కట్టినా పక్కన బావి ఉండేది. మెట్లబావి పని సులభంగా అర్థమవుతుంది. వానాకాలంలో భూగర్భజలం పైకి వస్తే పై మెట్ల దగ్గరే నీళ్లు అందుతాయి. ఎండాకాలంలో మట్టం తగ్గితే మెట్లు దిగి తెచ్చుకోవచ్చు. మట్టం ఎంత తగ్గిందో అందరికీ కనబడుతుంది కాబట్టి పొదుపు ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరూ చెప్పనక్కరలేదు. పూడిక తీయించే బాధ్యత కూడా ఆ బావిని వాడుకునేవారిదే.

ఆ కాలాన్ని స్వర్ణయుగంగా ఊహించుకోవద్దు. అన్ని బావులూ అందరివీ కావు. గోడ లోపలి దేవిడీ బావి గోడ లోపలివారిదే. కులం పేరుతో కొందరిని బావి గట్టు ఎక్కనివ్వని ఆచారం మన ఊళ్లలో ఎంత బలంగా ఉండేదో మీకు తెలుసు. డబ్బున్నవారి ఇళ్లకు భిస్తీలు తోలుసంచుల్లో నీళ్లు మోసేవారు. లేనివారు బిందెలతో తామే మోసుకునేవారు. మరోవైపు, దాహంతో వచ్చినవారికి నీళ్లు పోయడం పుణ్యకార్యమన్న భావన అన్ని మతాలవారిలోనూ ఉంది. వేసవి చలివేంద్రాలు, మొహర్రం రోజుల్లో ఊరేగింపు దారి వెంట పెట్టే సబీల్‌లు పాతనగరంలో ఇప్పటికీ కొనసాగుతున్న సంప్రదాయాలు.

బావులతో పాటు చెరువులు కూడా నగరాన్ని పోషించాయి. వీటిలో ముఖ్యమైనది మీర్ ఆలం చెరువు. మూడవ అసఫ్‌జా సికందర్ జా దివాను మీర్ ఆలం పేరు మీద 1804–1806 మధ్య దీన్ని కట్టారు. దీని ఆనకట్ట నిర్మాణం ఇంజనీరింగ్ చరిత్రలో ప్రసిద్ధం. ఒకే తిన్నని గోడగా కాకుండా, పక్కపక్కన అమర్చిన 21 అర్ధవృత్తాకారపు కమాన్లుగా దీన్ని నిర్మించారు. ప్రతి కమాను నీటి ఒత్తిడిని రెండు పక్కలున్న దిమ్మెల మీదికి మళ్లిస్తుంది. రెండు శతాబ్దాలు దాటినా ఆ కట్ట నిలిచే ఉంది. జంట జలాశయాలు వచ్చేదాకా పాతనగరపు తాగునీటిలో ఈ చెరువుది ప్రధాన స్థానం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
పాతనగరంలోని బస్తీ పేర్లు అక్కడి నీటి చరిత్రను ఎలా తెలుపుతున్నాయి? నాలుగు వాక్యాల్లో రాయండి.

9.3 1908 వరద, నల్లా రాక

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు మీదికెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు అక్కడ ఇప్పటికీ ఉంది.

మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వరద నష్టాన్ని నగరంలోనే కాక ఎగువన కూడా పరిశీలించారు. మూసీ, ఈసీ పరీవాహక ప్రాంతంలోని వందలాది చెరువుల్లో రెండు వందలకు పైగా తెగిపోయాయని ఆయన పరిశీలనలో తేలింది. అంటే, నగరాన్ని ముంచినది ఆ ఒక్కరోజు వాన మాత్రమే కాదు. తెగిన చెరువుల నీళ్లు కూడా. ఆయన సూచన ప్రకారం ఎగువన రెండు ఆనకట్టలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం వాడుకలో గండిపేట అనేది ఉస్మాన్‌సాగర్‌నే.

వరదను ఆపడానికి తలపెట్టిన ఈ జలాశయాలే నగరానికి తాగునీటిని కూడా ఇచ్చాయి. గండిపేట నగరం కంటే ఎత్తులో ఉంది. అందువల్ల మోటార్ల అవసరం లేకుండా నీరు తనంతట తానే కాలువలో ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రానికి చేరి, అక్కడ శుద్ధి అయి, గొట్టాల్లో బస్తీలకు వెళ్లేది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదిలి వెళ్లడన్న నానుడి అప్పటిదే.

ఇది గొప్ప ప్రగతి. లండన్‌లో 1854లో డాక్టర్ జాన్ స్నో ఒక వీధిపంపు కలుషిత నీటికీ కలరా మరణాలకూ ఉన్న సంబంధాన్ని చూపించిన తరవాత, ఇళ్ల మధ్య బావులపై అనుమానం ప్రపంచమంతటా పెరిగింది. శుద్ధి చేసిన నీరు ప్రాణాలు కాపాడుతుందన్నది నిజం. కానీ నల్లా వచ్చాక బావితో బస్తీకి పని లేకుండా పోయింది. వాడని బావికి పూడిక తీసేవారు లేరు. అది చెత్తకుండీ అయింది, ఆ తరవాత ఇంటిస్థలం అయింది. మీర్ ఆలం చెరువు తాగునీటి జాబితా నుంచి తొలగిపోయి, మురుగునీటితో, గుర్రపుడెక్కతో నిండింది. జనం నిర్లక్ష్యం ఒక్కటే ఇందుకు కారణం కాదు. నీటి బాధ్యత బస్తీ చేతి నుంచి కార్యాలయం చేతికి మారడం అసలు మార్పు.

9.4 మూలాన్ని కాపాడే పోరాటం: జి.ఓ. 111

1990ల నాటికి నగరం గండిపేట వైపు విస్తరించసాగింది. జలాశయాల చుట్టూ కర్మాగారాలు, కాలనీలు వస్తే వాటి వ్యర్థాలు వాననీటితో పాటు జలాశయాల్లోకే చేరతాయి. ఈ ప్రమాదాన్ని గుర్తించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996 మార్చి 8న జి.ఓ. 111 జారీ చేసింది. రెండు జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్యం కలిగించే పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను అది నిషేధించింది.

ఉత్తర్వు రాగానే దానికి పరీక్ష ఎదురైంది. శంషాబాదు మండలం పెద్దషాపూర్‌లో ఒక సంస్థ ఆముదం నుంచి రసాయన ఉత్పత్తులు తయారుచేసే కర్మాగారం పెట్టాలనుకుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. ప్రభుత్వం 1997లో ఆ కర్మాగారానికి ఉత్తర్వు నుంచి మినహాయింపు ఇచ్చింది. 1998లో అప్పీలు అధికారి కూడా సంస్థకు అనుకూలంగా తీర్పు చెప్పాడు. హైకోర్టు సైతం షరతులతో అనుమతి ఇమ్మంది. అన్ని తలుపులూ మూసుకున్నట్టే కనిపించిన ఈ దశలో మండలి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ‘సొసైటీ ఫర్ ప్రిజర్వేషన్ ఆఫ్ ఎన్విరాన్‌మెంట్ అండ్ క్వాలిటీ ఆఫ్ లైఫ్’ అనే హైదరాబాదు పౌరసంస్థ కూడా ఈ వివాదంలో కక్షిదారుగా నిలిచింది.

కోర్టు ముందున్న చిక్కు ఏమిటో ఆలోచించండి. కర్మాగారం ఇంకా పని మొదలుపెట్టలేదు. కాలుష్యం జరగలేదు. జరగబోతుందని ముందుగా రుజువు చేయడం ఎలా? మామూలు వ్యాజ్యంలో ఆరోపించినవారే రుజువు చేయాలి. ఇక్కడ ఆ నియమం పాటిస్తే, రుజువు దొరికే సరికి నీళ్లు పాడైపోతాయి.

1999 జనవరి 27న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఈ చిక్కును విప్పింది. న్యాయమూర్తి ఎం. జగన్నాథరావు రాసిన ఆ తీర్పు రెండు సూత్రాలను విశదీకరించింది. ఒకటి, ముందుజాగ్రత్త సూత్రం: తీవ్రమైన, తిరిగి బాగుచేయలేని హాని జరిగే అవకాశం ఉన్నప్పుడు శాస్త్రీయమైన నిశ్చయం కోసం ఎదురుచూడకుండా నివారణ చర్య తీసుకోవాలి. రెండు, రుజువు భారం: హాని ఉండదని చూపించవలసింది కర్మాగారం పెట్టేవారే. తమిళనాడులో తోలు శుద్ధి కర్మాగారాల కాలుష్యంపై 1996లో వచ్చిన వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసు తీర్పులో ఈ సూత్రాలు ప్రవేశించాయి. హైదరాబాదు కేసులో వాటికి పూర్తి వివరణ లభించింది.

నిపుణుల నివేదికలు తెప్పించుకున్న తరవాత 2000 డిసెంబరు 1న కోర్టు తుది తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు చెల్లదన్నది. తాగునీరు జీవించే హక్కులో భాగమని, రాజ్యాంగం 21వ అధికరణం కింద శుభ్రమైన నీటిని అందించడం ప్రభుత్వ బాధ్యత అని స్పష్టం చేసింది. నీటిని మానవహక్కుగా ఐక్యరాజ్యసమితి సాధారణ సభ గుర్తించింది 2010లో. ఆ మాటను మన న్యాయస్థానం గండిపేట సందర్భంగా పదేళ్ల ముందే చెప్పిందని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
‘రుజువు భారం’ కర్మాగారం పెట్టేవారి మీదే ఉండాలని కోర్టు ఎందుకు భావించింది?

9.5 నేటి పరిస్థితి

ఆ విజయంతో కథ ముగియలేదు. ఇప్పుడు నగరానికి కృష్ణా, గోదావరి జలాలు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వస్తున్నాయి. కనుక జంట జలాశయాల అవసరం తగ్గిందన్న వాదన బలపడింది. తెలంగాణ ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో జి.ఓ. 69 ద్వారా పాత ఆంక్షలను సడలించింది. 2023 మేలో మంత్రివర్గం జి.ఓ. 111 రద్దుకు నిర్ణయించింది. ఆ గ్రామాల రైతులకు తమ భూమిని అమ్ముకునే, వాడుకునే హక్కు పరిమితమైపోయిందన్న ఆవేదన నిజమైనదే. నగరం తాగే నీటికి గ్రామం మాత్రమే ధర చెల్లించాలా అన్నది న్యాయమైన ప్రశ్న. అయితే దూరపు నదుల నీటికి కరెంటు, మోటార్లు కావాలి. గండిపేట నీరు పల్లం వైపు తనంతట తానే పారుతుంది. ఒక విద్యార్థిగా మీరు రెండు వైపుల వాదనలనూ తూచాలి.

2020 అక్టోబరు వరదలు మరొక పాఠం చెప్పాయి. బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ పరిసరాలు మునిగాయి. పల్లె చెరువు పొంగి ఫలక్‌నుమా దగ్గరి కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. 1908లో విశ్వేశ్వరయ్య గమనించిన విషయమే ఇక్కడా కనిపిస్తుంది: ఎగువ చెరువును పట్టించుకోకపోతే దిగువ బస్తీ మునుగుతుంది. చుట్టూ నీళ్లున్నా తాగడానికి చుక్క లేని ఆ రోజుల్లో స్థానిక యువకులు, స్వచ్ఛంద సంఘాలు నీళ్లు, ఆహారం పంచిపెట్టారు.

మరో సమస్య మామూలు రోజుల్లోనూ ఉంది. నల్లా నీరు రోజంతా రాదు. సరఫరా ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. పాత గొట్టానికి చిల్లు ఉండి, పక్కనే మోరీ పారుతుంటే, ఆ మురుగు గొట్టంలోకి చేరుతుంది. తరవాత నీళ్లు వదలగానే మొదటి బిందెలోకి వచ్చేది అదే. అందుకే ఇంటి దగ్గర నల్లా నీటిలో మిగిలి ఉన్న క్లోరిన్‌ను పరీక్షిస్తారు. భారతీయ ప్రమాణాల ప్రకారం అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. 2021 నుంచి నగరంలో గృహాలకు నెలకు 20,000 లీటర్ల నీరు ఉచితంగా అందించే పథకం ఉంది. అది ఎంత నీరు అన్న ప్రశ్నకు జవాబు. ఎలాంటి నీరు అన్న ప్రశ్న అడుగుతూ ఉండవలసింది బస్తీ ప్రజలే.

ఆశ కలిగించే పనులూ జరిగాయి. కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలోని మెట్లబావులను ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ పునరుద్ధరించింది. ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. సికింద్రాబాదులో చెత్తతో నిండిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కలిసి శుభ్రం చేయించి 2022 డిసెంబరులో ప్రజలకు అప్పగించాయి. చెత్త తీసిన తరవాత అడుగున ఊట మిగిలే ఉంది.

9.6 సారాంశం

పాతనగరపు నీటి చరిత్ర మూడు దశల్లో సాగింది. బావుల దశలో మూలం కళ్లముందు ఉండేది. కాపలా బస్తీదే, కానీ అందరికీ సమాన హక్కు లేదు. జలాశయాల దశలో శుద్ధి చేసిన నీరు ఇళ్లకు చేరింది. మూలం మాత్రం కంటికి దూరమైంది. మూడవ దశలో పౌరులు చట్టం ద్వారా ఆ దూరపు మూలానికి కాపలాదారులయ్యారు. ఆ కాపలా ఒక్క తీర్పుతో శాశ్వతం కాదని ఇటీవలి పరిణామాలు తెలుపుతున్నాయి.

9.7 నమూనా పరీక్ష ప్రశ్నలు

అ. వ్యాసరూప ప్రశ్నలు
1. హైదరాబాదు పాతనగరపు తాగునీటి వనరుల పరిణామాన్ని వివరించండి.
2. జి.ఓ. 111పై జరిగిన న్యాయపోరాటాన్ని చర్చించి, దాని ప్రాముఖ్యాన్ని తెలపండి.

ఆ. లఘు ప్రశ్నలు
1. మీర్ ఆలం చెరువు కట్ట నిర్మాణ విశేషం ఏమిటి?
2. నల్లా నీరు గొట్టంలోనే ఎలా కలుషితమవుతుంది?

ఇ. చేసి చూడండి
మీ ఇంట్లోని పెద్దవారిని అడగండి: నల్లా రాకముందు మన ఇంటికి నీళ్లు ఎక్కడి నుంచి వచ్చేవి? ఆ బావి లేదా చెరువు ఇప్పుడు ఎలా ఉంది? ఆ చోటికి వెళ్లి చూసి, ఒక పేజీలో రాసి, మీ అధ్యయన కేంద్రంలో జరిగే సంపర్క తరగతికి తీసుకురండి.