తోడులేని శాక్సోఫోన్

జాజ్ సభలో శాక్సోఫోన్ విద్వాంసుని వెనుక సాధారణంగా పియానో, బాస్, డ్రమ్ములు ఉంటాయి. పియానో హార్మనీని అందిస్తుంది; తక్కినవి నడకను నిలుపుతాయి. విద్వాంసుని మనోధర్మం వీటి ఆసరాతో విహరిస్తుంది. ఈ పక్కవాద్యాలన్నింటినీ తొలగించిన పిమ్మట ఒక్క శాక్సోఫోన్ సభను నిలుపగలదా?

ప్రయత్నాలు లేకపోలేదు. 1948 ప్రాంతంలో కోల్‌మన్ హాకిన్స్ 'పికాసో'ను, 1960లో ఎరిక్ డాల్ఫీ 'టెండర్లీ'ని ఒంటరిగా వాయించి రికార్డు చేసినారు. వీటిని వింటుంటే, వినబడని పియానో ఒకటి వారి మనస్సులో మోగుతున్నదనే నాకు తోస్తుంది. 1960 డిసెంబరులో ఆర్నెట్ కోల్‌మన్ రికార్డు చేసిన 'ఫ్రీ జాజ్' ఆ హార్మనీ కట్టుబాటును సడలించినది. కాని అక్కడ వాద్యకారులు ఎనిమిదిమంది, ఒకరికొకరు ఆసరా.

ఆ ఆసరాను కూడ వదలుకొనే సాహసం షికాగోలో జరిగినది. అక్కడి నల్లజాతి సంగీతజ్ఞులు 1965లో ఒక సంఘం స్థాపించుకొని, సభ్యులు కచేరీలలో స్వంత రచనలనే వినిపించాలని నియమం పెట్టుకొన్నారు. ఆ సంఘంలో చేరిన యువకుడు ఆంథొనీ బ్రాక్స్‌టన్ ఒంటరి కచేరీకి పూనుకొన్నారు. వేదికపై నిలిచి తోచినది వాయిస్తే చాలుననుకొన్నారట. పది నిమిషాలకే భావాలు అయిపోయి, వాయించినదే మళ్లీ వాయించవలసి వచ్చినదని ఆయనే తరువాత చెప్పుకొన్నారు. స్వేచ్ఛ అంత త్వరగా ఖర్చయిపోతుందని ఎవరనుకొంటారు? మన ఆలాపనకు తాళం లేకపోయినా రాగమున్నది, తంబురా శ్రుతి ఉన్నది. బ్రాక్స్‌టన్‌కు ఆ రెండును లేవు.

అందుచేత ఆయన నాదాన్ని రకాలుగా విభజించుకొన్నారు. దీర్ఘస్వరం ఒక రకం, కంపితం ఒకటి, తునకలు తునకలుగా పలికే స్వరాలొకటి, ఒకే ఊదులో పలు స్వరాలు పలికించడం మరొకటి. ఇట్టివి కాలక్రమాన 12 అయినవి. ఒక్కొక్క రచనకు ఇందులో దేనినో హద్దుగా పెట్టుకొని, ఆ హద్దులోపల యథేచ్ఛగా సంచరించేవారు. 1969లో షికాగోలో రికార్డు చేయగా 1971లో జంట రికార్డులుగా వెలువడిన 'ఫర్ ఆల్టో' ఈ సాధనకు ఫలం. జాన్ కేజ్‌కు అంకితమిచ్చిన భాగంలో వాద్యం అరుస్తుంది, బొంగురుపోతుంది. మరొక చోట ఊపిరి చప్పుడుకంటె కొంచెమే పైన పలుకుతుంది.

తరువాత త్రోవ సుగమమైనది. స్టీవ్ లేసీ 1972లో ఫ్రాన్సులోని అవిన్యోన్‌లో ఒంటరిగా వాయించినారు. ఇంగ్లండులో ఇవాన్ పార్కర్ 1975లో ఇట్టి రికార్డే చేసినారు. పాములవాడు నాగస్వరమూదినట్లు, బుగ్గలలోని గాలిని వాద్యంలోకి నెట్టుతూనే ముక్కుతో ఊపిరి పీల్చుకొని నాదం తెగకుండ సాగించడం ఆయన పద్ధతి. వేళ్లు, నాలుక, పెదవులు వేర్వేరు గతులలో కదలగా, ఒక్క వాద్యంలోనే పై స్వరాలొక వరుసగా, క్రింది స్వరాలొక వరుసగా విడివడి, ఇద్దరు ముగ్గురు కూడి వాయిస్తున్నట్లు వినబడుతుంది.