కళ్లంలో దోమతెర

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా కాలువలు ఉయ్యూరు ప్రాంతపు పొలాలను తడిపాయి. నీళ్లతోపాటు దోమలూ వచ్చాయి.

కోతలయ్యాక కుప్పల కాపలాకు రైతు రాత్రుళ్లు కళ్లంలోనే పడుకోవాలి. వేపాకు పొగ పెడదామంటే గాలి తిరిగితే పనిచేయదు, పైగా గడ్డి పక్కన నిప్పంటే భయం. నులకమంచం కోళ్లకు నాలుగు కర్రలు కట్టి, నూలు దోమతెర దించి, అంచులు బొంత కిందికి దోపడమే మేలైన దారి.

1897లో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాక తెర విలువ మరింత తేలింది.

మంచుకు తడిస్తే నూలు తెర బరువెక్కేది. తర్వాత వచ్చిన నైలాన్ తెర చంకలో ఇమిడిపోతుంది, ఎండ తగలగానే ఆరిపోతుంది. ఆరుబయట పడుకునే యాత్రికులకూ ఇదే తగినది. కాకపోతే బరువుకన్నా ముందు కన్నం చూడాలి: చదరపు అంగుళానికి 156 ఉంటే దోమ దూరదు. తెర ఒంటికి ఆనితే మాత్రం బయటి నుంచే కుడుతుంది.