పాలిమర్ శాఖలు, ఉష్ణ విఘటన
పాలిమర్ గొలుసుకు ఉన్న పక్క శాఖలు వేడికి ఆ గొలుసు తెగే ఉష్ణోగ్రతను, విడుదలయ్యే పదార్థాలను ప్రభావితం చేస్తాయి. దీనికి ప్రసిద్ధ ఉదాహరణ పాలిథిలీన్. 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ అనే రసాయన సంస్థ ప్రయోగశాలలో అధిక పీడనం వద్ద తయారైన రకానికి శాఖలు ఎక్కువ. 1953లో రసాయన శాస్త్రవేత్త కార్ల్ జీగ్లర్ ఉత్ప్రేరకంతో వచ్చిన రకం దాదాపు సరళ గొలుసు.

శాఖ మొదలయ్యే చోట కార్బన్ మరో మూడు కార్బన్లతో కలిసి ఉంటుంది. ఈ తృతీయ కార్బన్‌కు హైడ్రోజన్‌తో ఉన్న బంధం బలహీనం. స్వేచ్ఛా రాడికల్ దాన్ని సులభంగా లాగేస్తుంది. మిగిలిన రాడికల్ పక్కన గొలుసు తెగుతుంది. శూన్యంలో 30 నిమిషాల్లో సగం బరువు కోల్పోయే ఉష్ణోగ్రత శాఖలు లేని సరళ గొలుసు పాలిమిథిలీన్‌కు సుమారు 415 డిగ్రీల సెల్సియస్, శాఖలున్న పాలిథిలీన్‌కు 404, పాలిప్రొపిలీన్‌కు 387, పాలిఐసోబ్యుటిలీన్‌కు 348. చివరిదానిలో తృతీయ హైడ్రోజన్ అసలు లేదు; కిక్కిరిసిన మిథైల్ సమూహాలే కార్బన్-కార్బన్ బంధాన్ని బలహీనపరుస్తాయి. పాలిఐసోబ్యుటిలీన్ తన నిర్మాణ యూనిట్ అయిన మోనోమర్‌ను గణనీయంగా విడుదల చేస్తుంది. పాలిథిలీన్ నుంచి వచ్చే మోనోమర్ అత్యల్పం, విడుదలయ్యేవాటిలో అధిక భాగం వేర్వేరు పొడవుల హైడ్రోకార్బన్లు.

గాలిలో తృతీయ హైడ్రోజన్ ఆక్సీకరణకూ లొంగుతుంది. అందువల్ల పాలిప్రొపిలీన్‌ను కరిగించి మలిచే ముందు యాంటీఆక్సిడెంట్లు కలుపుతారు.